మట్టి జిల్లా

నాకు మొదటిసారి ఉద్యోగం ఇచ్చిన బడికి సమితి ఆఫీసు వాళ్ళు ఒక పటం కూడా ఇచ్చారు. గుడ్డకు అంటించి, పైనా కిందా చెక్క బద్దలు కొట్టి, ముచ్చటగా చుట్టచుట్టి ఇచ్చారు. బడికి తెచ్చి మేకుకు తగిలించి విప్పితే, అది శ్రీకాకుళం జిల్లా.

మా బడి పుంగనూరు నుంచి నడిచిపోయే దూరంలో ఒక మెట్ట ఊళ్ళో ఉండేది. అంటే చిత్తూరు జిల్లా. మాకూ శ్రీకాకుళానికీ మధ్య మిగతా రాష్ట్రమంతా ఉంది. మళ్ళీ ఆఫీసుకు పోయి, ఈ సంగతి గుమాస్తాకు మర్యాదగా చెప్పుకున్నాను. ఆయన వక్కాకును ఒక బుగ్గ నుంచి ఇంకో బుగ్గకు మార్చుకుని, "జిల్లా పటం కావల్లంటిరి, జిల్లా పటం ఇస్తిమి. ఇంగేం గావల్ల?" అన్నాడు. ఆయన మాటలో తప్పు పట్టుకునేందుకు ఏమీ దొరకలేదు.

డెబ్బైల చివరి సంగతి ఇది. అప్పట్లో మూడో తరగతి సాంఘిక శాస్త్రం అంటే మన జిల్లా. నాలుగుకు రాష్ట్రం, ఐదుకు దేశం. ప్రపంచం హైస్కూలుకు పోయినవాళ్ళకే. మా ఊళ్ళో చాలామంది పిల్లలు రాష్ట్రం దాకా కూడా వచ్చేవాళ్ళు కాదు. వాళ్ళ చదువు జిల్లా దగ్గరే ఆగిపోయేది. ఆ జిల్లా కూడా వాళ్ళది కాకపోవడం కొంచెం అన్యాయంగా తోచింది గానీ, ఆ సంవత్సరానికి అలాగే కానిచ్చాను. ఇన్‌స్పెక్టరు వచ్చి, "మీ జిల్లాలో నదులేవి?" అని అడిగితే పిల్లలు గొంతెత్తి "వంశధార, నాగావళి" అన్నారు. గట్టిగా చెప్పారని ఆయన మెచ్చుకుని, కొబ్బరినీళ్ళు తాగి వెళ్ళిపోయాడు.

నేను మదనపల్లె కాలేజీలో బి.ఏ. చదివినవాణ్ణి. ఆండీస్ పర్వతాల గురించి అడిగితే పేజీలకు పేజీలు రాసేవాణ్ణి. మా ఇంటి వెనక వంక ఎటు పారుతుందో మాత్రం అడిగినవాడు లేడు, నేను చూసిందీ లేదు. అలాంటి నన్ను ఒక గదిలో ఐదు తరగతులకు ఒకే అయివారిగా వేశారు. ఊళ్ళో వాళ్ళు అయివారు అనేవాళ్ళు, పిల్లలు సార్ అనేవాళ్ళు. పొమ్మన్నప్పుడు తప్ప ఎవరూ నా మాట వినేవాళ్ళు కాదు.

రెండో ఏడు శ్రీకాకుళాన్ని చుట్టచుట్టి దూలం మీద పెట్టేసి, నల్లబల్ల మీద చిత్తూరు జిల్లా నేనే గీశాను. కొంచెం పుచ్చిన వంకాయ మాదిరి వచ్చింది. పైన ఉత్తరం, కింద దక్షిణం, కుడిపక్క తూర్పు, ఎడమపక్క పడమర అని నాలుగుసార్లు చెప్పించి, "ఇప్పుడు చెప్పండి, ఉత్తరం యాడుండాది?" అని అడిగాను. అందరూ కలిసికట్టుగా దూలం కేసి చూపించారు.

మూడో తరగతి వరసలో ఒక పిల్ల మాత్రం చెయ్యి ఎత్తలేదు. గొర్రెల వాళ్ళ బిడ్డ. పావడా నడుము దగ్గర ఎప్పుడూ ఏదో ఒకటి మూటకట్టుకుని ఉండేది. చింతగింజలో, వేయించిన చెనక్కాయలో.

"పటం తప్పుగా ఉండాది సార్," అంది.

"యాల? ఏం తప్పు?"

"కోలారు పైనగదా ఉండల్ల. మీరు పక్కన పెట్టినారు. చిత్తూరుకు పోవల్లంటే కనుమ దిగి కిందికి పోవల్ల. దాన్ని ఇంగో పక్కన పెట్టినారు. ఇట్లుంటే నీళ్ళు ఎట్ల పారతాయి సార్?"

నీళ్ళు పారేది నేల మీద, పటంలో కాదు అన్నాను.

"అట్లయితే పటం ఎందుకు సార్?"

దీనికి ట్రైనింగులో జవాబు చెప్పలేదు. మిగతా పిల్లలంతా ఆ పిల్ల పక్షమే. మా ఊళ్ళో పైన అంటే పడమర, కింద అంటే తూర్పు. వాన కురిస్తే నీళ్ళు అలాగే పోతాయి, మనుషులు అలాగే మాట్లాడతారు. నల్లబల్లను అడ్డంగా తిప్పి పెట్టమని ఒకడు సలహా ఇచ్చాడు. తిప్పితే బల్ల కిందపడుతుందని చెప్పి గంట కొట్టేశాను.

ఆ ఏడు వాన రాలేదు. వాన రాని ఏడు భూగోళం నేర్పడానికి చాలా అనుకూలంగా ఉంటుంది. చెరువు ఎండింది కాబట్టి ఒండ్రుమట్టి ఎంత కావాలంటే అంత. పిల్లలతో మోయించి బడి ముందర నేల మీదనే జిల్లా కట్టించాను. నేల మీద కాబట్టి ఉత్తరం ఉత్తరంలోనే ఉంది, తగాదా లేదు. పడమర పక్క మట్టి ఎత్తుగా వేసి, తూర్పుకు కనుమ దించాం. పిల్ల చెంబుతో కోలారు పక్క నుంచి నీళ్ళు పోసి చూసింది. చిత్తూరు పక్కకు పారాయి. "ఇది పటం," అంది. ఉద్యోగంలో నాకు దొరికిన మెచ్చుకోళ్ళలో ఇన్‌స్పెక్టరుది తీసేస్తే ఇదొక్కటే.

కుప్పం దగ్గరే కష్టం వచ్చింది. జిల్లాకు నైరుతి మూలన, రెండు రాష్ట్రాల మధ్య ఇరుక్కుని తోక మాదిరి వేలాడుతుంటుంది కదా. ఆరినప్పుడల్లా ఆ తోక పగిలిపోయేది. పేడ కలిపిన మట్టితో అతికించేవాళ్ళు. "కుప్పం మళ్ళా ఊడింది సార్" అన్నది మా బడిలో రోజూ పొద్దున్నే వినపడే వార్త.

ఇంతలో మందలు ఊరు విడవడం మొదలైంది. ఊళ్ళో సగం ఇళ్ళు సేద్యం వాళ్ళవి, సగం గొర్రెల వాళ్ళవి. గడ్డీ నీళ్ళూ అయిపోతే మగవాళ్ళు మందను తోలుకుని పోతారు. ఎక్కడ పచ్చ కనపడితే అక్కడ, ఎవరి చేలో మంద కట్టమంటే అక్కడ. రాత్రి గొర్రెలు చేలో పడుకుంటే చేనికి ఎరువు, తోలుకొచ్చినవాడికి తిండిగింజలు. ఆడవాళ్ళూ పిల్లలూ ఇంటి దగ్గర. మంద ఎక్కడుందో పుంగనూరు సంతలో తెలిసేది. అక్కడికొచ్చే వాళ్ళతో కబురు చెప్పి పంపేవాళ్ళు.

ఆ కబుర్లను పాఠంలోకి తెచ్చాను. "మీ నాయన యాడుంటే ఆడ ఒక రాయి పెట్టండి," అన్నాను. మంద ఒక రోజు నడిచే దూరానికి ఒక జాన. కొలత అంటే ఏమిటో పిల్లలకు ఆ రకంగా తెలిసింది.

వాళ్ళు నా మాటను కొంచెం దిద్దారు. "నాయనకు రాయేంది సార్. మందకు పెడతాం. మంద యాడుంటే నాయన ఆడే." సరే, మందకే పెట్టమన్నాను. ఒక ఇంటి మందకు ఒక రాయి. వేరే ఇంటి రాయిని ఎవరూ ముట్టకూడదు. ఈ చట్టాలన్నీ వాళ్ళే చేసుకున్నారు.

రెండు రాళ్ళు ఉత్తరంగా పెద్దతిప్పసముద్రం పక్కకు పోయాయి. ఒకటి కలకడ దగ్గర చాలా రోజులు కూర్చుంది. పటం తప్పన్న మా పిల్ల రాయి దక్షిణంగా బయలుదేరింది. గంగవరం దగ్గర ఎవరి చేలోనో మంద కట్టినారంట, ఒక సంత కబురు. పలమనేరు దాటినారంట, ఇంకో సంత కబురు. తర్వాత కోట అనే ఊరు, ఆ తర్వాత కుప్పం. పిల్ల జానలు కొలిచి రాయిని అతుకులేసిన తోక మీద పెట్టింది. ఊడిపోతుందేమోనని రోజూ వచ్చీరాగానే చూసుకునేది.

అప్పటికే ఆ పిల్ల మధ్యాహ్నం దాకానే బడికి వస్తోంది. కనుక్కుందామని ఇంటికి పోయాను. తల్లి చంకలో ఒకణ్ణి, కాళ్ళ దగ్గర ఇంకొకణ్ణి పెట్టుకుని రాగులు చెరుగుతోంది.

"ఇంట్లో ఉండే మేకలను ఎవురు తోలుకోని పొయ్యేది అయివారా?" అంది. "నేను కూలికి పోవల్ల. ఇద్దరు పిల్లోల్లు. దాన్ని సగం పూట పంపిస్తాండేదే ఎక్కువ."

"బాగా చదువుతాది అమ్మా."

"సదవనీ. వద్దంటినా? వాళ్ళ నాయన మందతో వస్తే, మేకలను ఆయప్ప తోలుకుంటాడు, ఇది బడికి వస్తాది. రాగి సల్లే నాటికి రాకపోతే ఇంగ నిలబెట్టేస్తా. నాకు మాత్రం రెండు చేతులే గదా."

ఆమె మాటలోనూ తప్పు పట్టుకునేందుకు ఏమీ లేదు. ఆ ఊళ్ళో నాకు వచ్చిన చిక్కే అది. తప్పు ఎవరి మాటలోనూ ఉండేది కాదు.

కాబట్టి ఆ పిల్ల చదువు ఇప్పుడు కుప్పం దగ్గరున్న ఒక గులకరాయి మీద ఆధారపడి ఉంది. దాన్ని జరిపే శక్తి నాకు లేదు. కర్కట రేఖ గురించి ఎంతసేపైనా చెప్పగలను.

వాన వచ్చింది. ఎదురుచూసిన వాన, ఊరంతా వీధిలోకొచ్చి తడిసిన వాన. మర్నాడు పొద్దున బడికి పోయేసరికి జిల్లా లేదు. కుప్పం ముందు పోయి ఉంటుంది. మదనపల్లె పక్క కొంచెం గుట్ట మిగిలింది, అదీ చేత్తో తాకితే జారిపోయింది. తిరుపతి దాకా ఒకే బురద. పిల్లలకు బాధేమీ లేదు, గంతులేస్తున్నారు. వానొస్తే మందలు తిరుక్కుంటాయి కదా. మా పిల్ల ఒక్కతే బురదలో చెయ్యి పెట్టి కెలికి, తన రాయి వెతికి తీసి, కడిగి, పావడా నడుము దగ్గర ముడి వేసుకుంది.

మందలు ఒక్కొక్కటే వచ్చాయి. గొర్రెల వాళ్ళకు ఒక పద్ధతి ఉంది. తిరిగొచ్చిన మంద తిన్నగా ఊళ్ళోకి రాదు. పొలిమేరలో ఆగుతుంది. ఇంటి ఆడమనిషి చెంబుతో పసుపునీళ్ళు తెచ్చి, ముందర నడిచే పొట్టేలు కాళ్ళకు పోస్తుంది. అప్పుడు పొట్టేలు అడుగు వేస్తుంది, దాని వెనక మంద, మంద వెనక మనిషి. ఇన్నాళ్ళూ ఎండలో తిరిగొచ్చిన మనిషికి విడిగా ఏ మర్యాదా లేదు. దుమ్ములో దగ్గుకుంటూ వచ్చేస్తాడు. కబురు వచ్చిన రోజు బడి ఖాళీ. నేనూ పోయి నిలబడేవాణ్ణి. పొట్టేలు కాళ్ళకు నీళ్ళు పడ్డప్పుడు ఆ ఇంటి పిల్లల మొహాలు చూడాల్సిందే. మా పిల్ల కూడా ప్రతిసారీ వచ్చేది, కొంచెం వెనక నిలబడేది.

కలకడ మంద వచ్చింది. పెద్దతిప్పసముద్రం మందలు వచ్చాయి. కుప్పం నుంచి కబురు కూడా రాలేదు. రాగి చల్లారు. తల్లి చెప్పినట్టే చేసింది. మాట తప్పే మనిషి కాదు.

ఆ తర్వాత కొన్నాళ్ళకు నాకు బదిలీ వచ్చింది, కుప్పానికి. తెలిసి వేశారో, తెలియక వేశారో. "మంచి ఊరే అయివారా, రైలుండాది," అన్నారు ఊళ్ళో వాళ్ళు. పెట్టె మోసుకుని రోడ్డుకు పోతుంటే పిల్ల మేకలతో అడ్డం వచ్చింది.

"కుప్పానికి పోతాండారంటనే సార్."

"ఊఁ."

"మా మంద కనపడితే చెప్తారా?"

చెప్తానన్నాను.

కుప్పం బడిలో మూడు పటాలు ఉన్నాయి, మూడూ సరైనవే. పిల్లలు ముడితే చినిగిపోతాయని వాటిని బీరువాలో పెట్టి తాళం వేశారు. తాళంచెవి హెడ్‌మాస్టరు దగ్గర. అక్కడి పిల్లలు ఒకే వాక్యంలో మూడు రాష్ట్రాలు తిరిగొస్తారు. మొదలు తెలుగులో, మధ్య కన్నడంలో, తిట్టు అరవంలో. వాళ్ళకు సరిహద్దు రేఖ గురించి పాఠం చెప్పడం నా వల్ల కాలేదు. అది ఎక్కడుందని అడిగితే ఏ ఇద్దరూ ఒకే చోటు చూపించలేదు.

సంతలో గొర్రెలు అమ్మే మూలన అడుగుతూ వచ్చాను. చివరకు ఒక బేరగాడు, "పుంగనూరు పక్కాయప్పనా? ఉండాడు. కానీ గొర్రెల కాడ లేడు, క్వారీలో సూడండి," అన్నాడు.

క్వారీ ఊరి బయట. కొండను పలకలు పలకలుగా కోసి లారీలకు ఎక్కిస్తున్నారు. అతన్ని ఊళ్ళో ఒకటి రెండుసార్లు చూసిందే అయినా పోల్చుకున్నాను. తలకు గుడ్డ చుట్టుకుని ఉలి మీద సుత్తి వేస్తున్నాడు. నన్ను చూసి సుత్తి కింద పెట్టాడు గానీ లేవలేదు.

"ఎవురు చెప్పినారు అయివారా?"

"సంతలో."

"ఊళ్ళో తెలుసా?"

"తెల్దు."

కాసేపు రాతిపొడి తుడుచుకున్నాడు. చిటుకు రోగం అన్నాడు. వానకు మొలిచిన లేతగడ్డి మీద పడ్డాయంట. పొద్దున మేసిన గొర్రె మధ్యాహ్నానికి లేదు. రెండు మూడు రోజుల్లో మందంతా. పొట్టేలు చివర్లో పోయిందంట.

"సరే, అయిందేదో అయింది. ఇంటికి రాప్పా," అన్నాను.

"ఎట్ల వచ్చేది? మందతో పోయినోడు మందతో రావల్ల. ఉత్తగా పొలిమేర కాడికి పోతే ఆయమ్మ చెంబు తెచ్చి ఎవురి కాళ్ళకు పోస్తాది?"

"నీ కాళ్ళకు పోస్తాది."

నవ్వాడు. నిజంగానే నవ్వొచ్చింది అతనికి. "నేనేమన్నా పొట్టేలునా అయివారా?"

ఇద్దరం నవ్వుకున్నాం. పక్కనున్న కూలీలు కూడా మా కేసి చూసి నవ్వారు. నవ్వు అయిపోయింది.

"పాప బడికి పోతాందా?" అన్నాడు.

"నువ్వు వస్తే పోతాది."

ఉలి చేతిలోకి తీసుకున్నాడు. మొన వేలితో తడిమి చూశాడు. "ఒగ నాలుగు కొనుక్కోని వస్తా," అన్నాడు. "ముందర నడిచేదానికి ఒగటన్నా ఉండల్ల గదా." క్వారీ కూలితో నాలుగు గొర్రెలు ఎప్పటికి వస్తాయో అతనికీ తెలుసు, నాకూ తెలుసు. ఇద్దరం ఆ సంగతి ఎత్తలేదు. "ఊళ్ళో ఏం చెప్పొద్దు అననులే, అడిగితే చెప్పండి," అని మళ్ళీ సుత్తి ఎత్తాడు.

సెలవులకు మదనపల్లెకు పోతూ పుంగనూరులో బస్సు దిగాను. అక్కడి నుంచి ఊరి దాకా నడుస్తూ, ఎలా చెప్పాలో వాక్యాలు కట్టుకున్నాను. బి.ఏ. చదివినవాడికి అవేమంత కష్టం కాదు. ఒకటి రెండు బాగానే కుదిరాయి.

పిల్ల ఊరి ముందరే ఉంది, చెనక్కాయ చేని గట్టున మేకలతో. కొంచెం ఎత్తయింది.

"కుప్పం నుంచేనా సార్?"

"ఊఁ."

"మా మంద కనపడిందా?"

"మీ నాయన కనపడినాడు. బాగుండాడు. నువ్వు బడికి పోతాండావా అని అడిగినాడు."

ఆ పిల్ల ఓపిగ్గా విన్నది. నేను ఆగాక, "మంద?" అంది.

కట్టుకున్న వాక్యాలేవీ పనికి రాలేదు. "లేదు పాపా. రోగమొచ్చింది."

"పొట్టేలు గూడానా?"

"అది గూడా."

మేకల కేసి చూస్తూ నిలబడింది. "నాలుగు కొనుక్కోని వస్తానన్నాడు," అన్నాను.

"నాలుగును మంద అనరు సార్," అంది, నేను బల్ల మీద తప్పు రాసినప్పుడు చెప్పే గొంతుతోనే.

పావడా నడుము దగ్గర ముడి విప్పింది. రాయి ఇంకా అక్కడే ఉంది, తిరిగి తిరిగి నునుపెక్కి ఉంది. అరచేతిలో పెట్టుకుని చూసింది.

"ఇది మందది గదా సార్. మందే లేకపోతే ఇంగ యాడ పెట్టేది?"

"మీ నాయన కాడ పెట్టు. కుప్పంలోనే ఉండాడు."

"నాయనకు పెట్టేది కాదు గదా. మనం అట్ల అనుకోలేదు."

నిజమే. అట్ల అనుకోలేదు. మట్టి జిల్లా వానకు కరిగిపోయాక, పెట్టడానికి కుప్పం కూడా లేదు.

ఈ మాటల్లో మేక ఒకటి గట్టు దిగి చెనక్కాయ చేలోకి పోతోంది. పిల్ల అటు తిరిగి, చెయ్యి వెనక్కి లాగి, ఆ రాయినే విసిరింది. మేకకు తగల్లేదు. సరిగ్గా దాని మూతి ముందర పడింది. మేక ఆగి, తిరుక్కుని గట్టెక్కింది. పిల్ల దాని వెనక పోయింది. రాయి కోసం చేలోకి దిగలేదు.

దూరాలు అంచనా వేసే పాఠం మూడో తరగతిదే. అది మట్టుకు ఆ పిల్లకు బాగా వచ్చింది.